బావి నుంచి నాలుగో చెట్టు

మా తోటలో ప్రతి మామిడిచెట్టుకూ ఒక పేరుండేది. గుండ్రంగా, నున్నగా కాసేది కోడిగుడ్డు చెట్టు. కాయ కోస్తే సోంపు వాసన వచ్చేది సోపు చెట్టు. ఒక ఏడు విరగకాసి మూడేళ్ళు మొహం చాటేసేది బద్ధకపు చెట్టు. చెన్నూరు నుంచి గోదావరి వైపు పోయే బాటలో మా ఊరు, ఊరు దాటగానే మా తోట. చుట్టుపక్కల మామిడితోటలు లేక కాదు, కానీ ఊరికే ‘తోట’ అంటే అది మాదే. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో, అనుకోండి. గొప్ప ఉంది కాబట్టే చెప్పుకుంటున్నాను.

తోట మొదలుపెట్టింది మా బాపు వాళ్ళ తాత. ఆయన బతుకులో ఒక్క మొక్క కొన్న పాపాన పోలేదు. పెళ్ళికో చావుకో పోయిన చోట మంచి మామిడిపండు తిన్నాడంటే చాలు, ఆ టెంక కడిగి భుజం మీది తువ్వాలు కొంగున కట్టుకునేవాడట. తను తిన్నదే కాదు, పక్కవాడు తిని పడేసింది కూడా అడిగి తెచ్చుకునేవాడట. పెళ్ళికొడుకు ఎట్లున్నాడో చూడడు గానీ పంక్తిలో ఎవరి విస్తరి ముందు టెంక ఉందో చూస్తాడని చుట్టాలు నవ్వుకునేవారు. అట్లా ఊరూరి టెంకలతో లేచిన తోట మాది. అందుకే ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు. మామిడి టెంక తల్లిని పోలి మొలవాలన్న నియమమేమీ లేదు కదా. తియ్యనిది పెడితే పుల్లనిది వచ్చేది, పెద్దకాయ టెంకకు చిన్నకాయ కాసేది. ఆయన మాత్రం మొలిచినదాన్ని దేన్నీ పీకలేదు. తర్వాత మా తాత బావి తవ్వించి, మోట కట్టి, ఎండలకు చెట్టు ఎండకుండా చూశాడు. ఆ ఇద్దరూ పెట్టిన నియమం ఒకటి మా ఇంట్లో ఉండేది. ఈ కథంతా దాని గురించే.

ఇంట్లో ఆడపిల్ల పుడితే ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేసి పేరు పెడతారు గదా, అదే రోజు తోటలో ఒక చెట్టు చూపించి “గీ చెట్టు గీ పిల్లది” అని చెప్పేవారు. మగపిల్లలకు చెట్టు లేదు. వాళ్ళకు భూమి ఉంది, ఇంకేం కావాలి? ఆ పిల్ల పెళ్ళయి ఎంత దూరం పోయినా ప్రతి ఎండాకాలం ఆ చెట్టు కాయ బుట్టలో పెట్టి ఆమె ఇంటికి చేర్చాలి. బుట్ట చేరేదాకా ఇంట్లో ఎవరూ ఆ కాయ నోట పెట్టకూడదు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ చెట్టు మీద గొడ్డలి పడకూడదు. మా తోటలో ఆడబిడ్డ చెట్టంటే అంత మర్యాద.

నాకు తెలిసేసరికి అట్లాంటి చెట్లు రెండే ఉన్నాయి. ఒకటి మా మేనత్తది, రెండోది నాది. మా అత్త బాపుకు ఎనిమిదేళ్ళు పెద్ద, ఆయన్ని చంకనేసుకుని పెంచిన అక్క. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో పనిచేసే ఆయనకిచ్చి చేశారు. ఆమె చెట్టు పేరు దొంగ చెట్టు. దాని కాయ మాగినా పచ్చగానే ఉంటుంది, పైగా నల్లటి మచ్చలు. ఎవరూ పండు అనుకోరు. తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూస్తే తప్ప దాని గుట్టు తెలియదు. తింటే మాత్రం, ఇంకేం చెప్పను, నోరూరుతోంది! ఇక నాకు వచ్చిన చెట్టు చూడండి, తోట దారికి పక్కనే ఉన్న పులుపు చెట్టు. పళ్ళు జివ్వుమనే పులుపు. దాని కాయతో పెట్టిన తొక్కు రెండేళ్ళయినా ముక్క మెత్తబడదని చెన్నూరు దాకా పేరు. నా నోటి దురుసుకు కారణం ఆ చెట్టేనని మా ఇంట్లో అందరూ అనేవారు. నేను మాత్రం “నాకు పుల్లటిదిచ్చి అత్తకు తియ్యటిదా?” అని చిన్నప్పుడు ఏడ్చి గోల చేశాను.

చెట్లన్నిటినీ నాకు పరిచయం చేసింది మా బాపమ్మ. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతబడ్డాయి. అప్పుడు నాకు ఏడేళ్ళు. నెలల తరబడి బడి లేదు, ఇంట్లో కుదురు లేదు. “ఇంట్లుంటే అందర్ని సతాయిస్తది, నా ఎంబడి తోల్కపోత” అని బాపమ్మ నన్ను తోటకు తీసుకుపోయేది. కొంగుతో నా కళ్ళకు గంత కట్టి, ఏదో చెట్టు ఆకు తెంపి, నలిపి, ముక్కు దగ్గర పెట్టి ఏ చెట్టో చెప్పమనేది. తప్పు చెబితే నెత్తిన ఒక్కటిచ్చేది.

“నీకు ముక్కున్నదా, లేకుంటే ముక్కుపుల్ల పెట్టుకోనీకే ఉన్నదా?” అనేది.

సోపు చెట్టు ఆకు ఎవరికైనా తెలుస్తుంది. అత్త చెట్టు ఆకు నలిపితే పచ్చి పసుపుకొమ్ము విరిచినట్టు ఒక వాసన వస్తుంది. దాని పక్కనే చప్ప చెట్టు ఉంది. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్ళే. అదే ఆకు, అదే పచ్చకాయ, అవే మచ్చలు. కానీ చప్ప చెట్టు ఆకుకు గడ్డి వాసన తప్ప ఇంకోటి ఉండదు, కాయ కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఈ రెండిటి దగ్గర నేను ఎన్ని దెబ్బలు తిన్నానో లెక్కలేదు. వానలు పడేనాటికి గంత కట్టినా, పరుగెత్తిస్తూ అడిగినా తప్పకుండా చెప్పగలిగేదాన్ని. బాపమ్మ ఆనాడు నన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకోలేదు, పొగడలేదు. “ఆఁ, ఇగ నడువ్” అంది. అదే ఆమె పొగడ్త.

మా ఇంట్లో ఒక వింత ఉండేది. ఆడవాళ్ళు చెట్లను వాసనతో గుర్తుపట్టేవారు, మగవాళ్ళు లెక్కతో గుర్తుపట్టేవారు. బావి నుంచి రెండోది, గట్టు నుంచి ఐదోది, అట్లా. బాపుకు వాళ్ళ బాపు నేర్పింది ఆ లెక్కే. అత్త చెట్టంటే ఆయనకు బావి నుంచి నాలుగోది. కాయ కోసే రోజున బాపమ్మో నేనో ఎట్లాగూ వాసన చూసి చెప్పేవాళ్ళం కాబట్టి ఆ లెక్కతో ఏనాడూ ఇబ్బంది రాలేదు.

మా బాపు తోటను ప్రేమించలేదని నేను అనను. ఆయన ప్రాణం తోటలోనే ఉండేది. కానీ ఒక ఏడు మా కాయను లారీలో వేసుకుని హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కు పోయాడు. అక్కడ ఒక వ్యాపారి బుట్ట విప్పి చూసి, పదిమందిని పిలిచి నవ్వాడట. “ఒక్క బుట్టల గిన్ని రకాలా? ఇది తోటనా, అంగడినా?” అన్నాడట. బాపుకు తల కొట్టేసినట్టయింది. మూడు తరాల పేరు ఆ నవ్వులో కొట్టుకుపోయినట్టు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు లేచి “బేనిషాన్ పెడ్త. వాడే నా ఇంటిముంగటికొచ్చి కాయ అడగాలె” అన్నాడు.

అన్నంత పనీ చేశాడు మా బాపు. మా వైపు బేనిషాన్ అనే బంగినపల్లి అంటు మొక్కలు తెచ్చాడు, అంటు కట్టడం నేర్చుకున్నాడు, పక్కన కూర్చున్న నాకూ నేర్పాడు. మొలక కుండీని పెద్ద చెట్టు కొమ్మకు ఆనించి, రెండిటికీ చర్మం చెక్కి, ఒకదానికొకటి హత్తి కట్టేవాళ్ళం. నేను పది పాసయ్యేనాటికి నా చేత్తో కట్టిన అంటు తప్పిందన్న మాటే లేదు. నేనొక్కదాన్నే సంతానం కాబట్టి నాకు ఇల్లరికపు సంబంధం చూశారు. మా ఆయన మంచివాడు, మామిడికీ జామకూ తేడా తెలిస్తే చాలనుకునే మనిషి. తోట పని బాపుదీ నాదీనే.

బేనిషాన్‌కు ఇంకా చోటు కావాలంటే పాత చెట్లు కొన్ని తీయాలి. బాపమ్మ బతికున్నన్నాళ్ళూ బాపు ఆ మాట ఎత్తలేకపోయాడు. ఆమె పోయిన మరుసటేడు, నేను నిండు చూలాలిగా ఉన్నప్పుడు, దసరా అయ్యాక బావి వైపు వరుసలు తీయించాలని నిర్ణయించాడు. నాకు బాధగానే ఉన్నా కాదనలేదు. ఆయన కడుపులో ఆ వ్యాపారి నవ్వు ఎంత మండుతోందో నాకు తెలుసు.

“నేను పురుడు పోసుకోని వచ్చినంక కొట్టియ్యి బాపూ. ఏది ఉంచాల్నో చూపిస్త” అన్నాను.

“నా తోట నాకెర్కలేదా? ఉంచేటియి రెండే. నీది, అక్కది. సున్నం పట్టీ ఏసి ఉంచుత, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు.

నాకు కాన్పు కష్టమైంది. మా అవ్వ, అంటే అమ్మ, నేను మంచిర్యాల ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. కొడుకు పుట్టాడు, పాపం వాడికి చెట్టు లేదు. ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున, అవ్వ నా చెవులకు గుడ్డ కట్టి, పిల్లాణ్ని ఒళ్ళో పెట్టి నీళ్ళు కాచడానికి పోయింది. తోట వైపు నుంచి గడ్డపారల చప్పుడు వస్తోంది. చూడకుండా ఉండలేకపోయాను. పిల్లాణ్ని ఎత్తుకుని, బాలింతకు గాలి తగలకూడదన్న మాట పక్కనబెట్టి నడిచాను.

చెట్లు కొట్టేసిన చోట అంతా వెలుగు. అంత వెలుగు మా తోటలో ఎన్నడూ చూడలేదు. మొద్దులు బండ్లకెక్కాయి, కొమ్మలు ఇంకా పడి ఉన్నాయి, మోకాలెత్తు మోళ్ళు మిగిలాయి. వాటిని కూలీలు ఒక్కొక్కటే తవ్వి తీస్తున్నారు. వాడిన కొమ్మను తొక్కి ముందుకు పోబోయాను. కాలి కింద ఆకు నలిగింది. పచ్చి పసుపుకొమ్ము వాసన వచ్చింది.

నా గుండె గుభేల్‌మంది. వంగి ఇంకో ఆకు తెంపి నలిపాను. ఇంకోటి. అదే వాసన. సున్నం పట్టీ వేసి ఉంచిన చెట్టు దగ్గరికి పోయి ఆకు తెంపితే గడ్డి వాసన! కూలీలు అత్త చెట్టు మోడు దగ్గరికి వచ్చి గడ్డపార ఎత్తారు. ఏం చేయాలో తోచక, పిల్లాణ్ని పట్టుకుని పోయి ఆ మోడు మీద కూర్చున్నాను.

“ముందు నన్ను తవ్వి తియ్యుండ్రి, తర్వాత దీన్ని తియ్యుండ్రి” అన్నాను.

బాపు ఉరికి వచ్చాడు. “పిచ్చి లేసిందా? పచ్చి బాలింతవు, గాలి కొడ్తది, ఇంటికి నడువ్!”

“అత్త చెట్టు ఏది బాపూ?”

“అగో, సున్నం కనబడ్తలేదా? బావి కాడికెల్లి నాలుగోది.”

“రెండోది గాలివానకు పడిపాయె గదనే. నేను ఏడో తరగతి సదివేటప్పుడు.”

బాపు బావి వైపు తిరిగాడు. వేలెత్తి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆ చెట్టు పడిపోయి ఎన్నో ఏళ్ళయింది, దాని కట్టెతోనే మా ఇంటి తలుపు చేయించాం. అది పడ్డాక అత్త చెట్టు మూడోదైంది, కానీ బాపు లెక్కలో పడిన చెట్టు ఇంకా నిలబడే ఉంది. ఉంచాల్సిందాన్ని కొట్టించి చప్ప చెట్టుకు సున్నం పట్టీ వేశాడు. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మా బాపు నేల మీద కూర్చోవడం, అదీ కూలీల ముందు, నేను మొదటిసారి చూశాను.

“అక్కకు చెప్పకు” అన్నాడు చివరికి.

“చెప్పకుంటే తెల్వదా?”

“కాయ గట్లనే ఉంటది గదా. జర సప్పుడు చెయ్యకు బిడ్డా. నా ఇజ్జత్ పోతది.”

నాకు జాలీ కలిగింది, కడుపూ మండింది. “కొట్టేటప్పుడు నన్ను అడగలే. తవ్వేటప్పుడన్న అడుగు. గీ మోడు మీద గడ్డపార పడద్దు” అన్నాను. ఆయన చెయ్యి ఊపి కూలీలను పక్క మోడు దగ్గరికి పంపాడు. అవ్వ వచ్చి నన్ను తిట్టి లాక్కుపోయేలోగా మోడు కోసిన చోట పేడ పట్టించి, చుట్టూ కంప వేయించాను.

ఎండాకాలం వచ్చింది. మోడు మోడుగానే ఉంది. అత్త బుట్ట పోయే రోజు వచ్చేసరికి బాపు చప్ప చెట్టు కాయ కోయించి, మంచిమంచివి ఏరి, గడ్డి పరిచి బుట్ట సర్దాడు. ఏటా తనే మంచిర్యాల దాకా బస్సులో, అక్కడినుంచి రైల్లో పట్టుకుపోయేవాడు. ఆ ఏడు నడుం నొప్పన్నాడు. నడుం నొప్పో, మొహం చెల్లకపోవడమో నాకు తెలియదా? పిల్లాణ్ని చంకనేసుకుని నేనే పోయాను. ఆ అబద్ధం మోసినందుకు ఇవాళ్టికీ నా మీద నాకే కోపం.

అత్త ఇంట్లో బుట్ట దిగిందంటే ఆ వరుసలో పండగే. ఇంటికో కాయ పంచేది, “మా తల్లిగారి తోటది, నా చెట్టు కాయ” అని చెప్పి మరీ ఇచ్చేది. ఆ రోజూ చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. అత్త బుట్ట విప్పి ఒక కాయ తీసి, తొడిమ దగ్గర వాసన చూసింది. ఇంకోటి తీసి చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. నవ్వుతూనే అందరికీ తలా ఒకటి ఇచ్చి, “మా తల్లిగారి తోటది” అంది. నా చెట్టు కాయ అన్న మాట మాత్రం అనలేదు. వాళ్ళందరూ పోయాక తలుపు దగ్గరికి వేసి నా ముందు కూర్చుంది.

“ఎప్పుడు కొట్టిండ్రు?” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆసుపత్రి, సున్నం పట్టీ, లెక్క, మోడు, అంతా చెప్పాను. అత్త కూడా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“లెక్క తప్పుడు ఎవలకైనా అయితది. వాడు నా తమ్ముడు, వాణ్ని గా చెట్టు కిందనే ఆడిచ్చిన నేను. వచ్చి ‘అక్కా, తప్పయింది’ అంటే అయిపోతుండె. చప్ప కాయ పంపి నాకు తెల్వదనుకున్నడా? గిన్నేండ్లు నా చెట్టు కాయ తిని నాకు నాలికె లేదనుకున్నడా?” అంది. తర్వాత నా కొంగున ఒక చప్పకాయ కట్టింది. “గిది వానికియ్యి. నా చెట్టు కాయ దొరికిననాడు రమ్మను. అప్పటిదాంక వాడు నా గడప తొక్కద్దు, నేను వాని గడప తొక్క.”

ఇంటికి వచ్చి ఆ కాయనూ ఆ మాటనూ బాపుకు అప్పజెప్పాను. అన్నమాట నిలబెట్టుకునే మనిషి మా అత్త. ఆ ఏడు రాఖీ పున్నమికి రాలేదు. ఏ ఏడూ మానని మనిషి! బాపు ఆ పొద్దంతా పొడుగు చేతుల అంగీ వేసుకుని తిరిగాడు. ఆయనకున్న పొడుగు చేతుల అంగీ అదొక్కటే, పెళ్ళిళ్ళకు మాత్రమే తీసేది. ఖాళీ చెయ్యి ఎవరూ చూడకుండా దాచుకుంటున్నాడని నాకు తెలిసి లోపలికి పోయి ఏడ్చాను. ఆ తర్వాత ప్రతి రాఖీకీ అదే అంగీ బయటికొచ్చేది.

మోడు మాత్రం నా పరువు నిలబెట్టింది. ఆ వానలకు పక్కనుంచి ఎర్రటి చిగుళ్ళు మూడు పొడుచుకొచ్చాయి. నేను ఆకు నలిపి చూసి, తోట దద్దరిల్లేలా కేకేశాను. బాపు వచ్చాడు. నేను చెయ్యి చాచి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. “ఏ వాసన?” అన్నాను. ఆయన రెండుసార్లు పీల్చి, “పసుపు తీరుగున్నది” అన్నాడు. జన్మలో మొదటిసారి మా ఇంటి మగవాడు ఒక చెట్టును ముక్కుతో గుర్తుపట్టాడు! “నీకు ముక్కు ఊరికెనే లేదన్నట్టు” అని నేను ఎగతాళి చేస్తే ఆయన కూడా నవ్వాడు.

ఆ చిగుళ్ళలో బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసేశాను. ఆ తర్వాత సంగతంతా కాపలాయే. మేకల మంద ఒకసారి కంప దాటి వచ్చి నడిమికి కొరికేసింది. ఆ మేకలాయనను నేను తిట్టిన తిట్లు మా ఊరు చాలా రోజులు చెప్పుకుంది. కింద ఒక చిగురు కన్ను మిగిలింది కాబట్టి మళ్ళీ లేచింది. మోటారు పెట్టి కాలువలో నీళ్ళు పారుతున్నా, ఆ ఒక్కదానికి బాపు బిందెతో మోసుకొచ్చి పోసేవాడు. నేను వద్దనలేదు. ఆయనకు అది కావాలి.

ఈ లోపల బేనిషాన్ కాపుకొచ్చింది. కాయ అంటే కాయ కాదు, చేతికి నిండుగా, మచ్చ లేకుండా, పసుపు రాసినట్టు. లారీలు మా తోటకే వచ్చి నాగ్‌పూర్‌కు కాయ ఎత్తేవి. ఆనాడు నవ్విన వ్యాపారి కూడా మనిషిని పంపాడు. బాపు ఆ మనిషికి చాయ పోయించి, “కాయ లేదని చెప్పు” అని పంపేశాడు. అదుగో, అదీ మా బాపు! ఆ రోజు నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. కానీ ఆ మనిషి పోయాక ఆయన బావి గట్టున కూర్చుని ఆ ఎదుగుతున్న చెట్టు వైపే చూశాడు. “గింత కాయ అమ్మిన. అక్కకు ఒక్కటి పంపలేకపోయిన” అన్నాడు.

ఐదో ఏడు చెట్టు పూసింది. మంచు పడి పూత నల్లబడింది, పిందె నిలవలేదు. బాపు నాతో మాట కూడా మాట్లాడలేదు, నేనే మంచు కురిపించినట్టు. ఆరో ఏడు మళ్ళీ పూసింది. పిందెలు పదకొండు నిలిచాయి. వైశాఖంలో వచ్చిన గాలికి ఆరు రాలాయి. మిగిలిన ఐదింటికీ నేను పాత చీర చింపి జాలీలా కట్టి కొమ్మకు వేలాడదీశాను. ఊళ్ళోవాళ్ళు చెట్టుకు ఉయ్యాల కట్టిందని నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. కాయ తొడిమ దగ్గర వాసన మొదలైన రోజు నేనే కోశాను. బాపు కింద తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడ్డాడు.

ఐదు కాయలకు అంత పెద్ద బుట్ట ఎందుకన్నా వినలేదు. గడ్డి పరిచి, పాత బుట్టలోనే పెట్టుకున్నాడు. “నువ్వు కూడ రా” అన్నాడు. పిల్లాణ్ని అవ్వ దగ్గర వదిలి నేనూ బయల్దేరాను. మంచిర్యాల దాకా బస్సులో, తర్వాత రైల్లో, బుట్ట ఒళ్ళోంచి దించలేదు. బెల్లంపల్లి దాటాక “గడప తొక్కనిస్తదంటవా?” అని అడిగాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, లారీల వ్యాపారుల్ని గడగడలాడించే మనిషి, పిల్లాడిలా అడిగాడు.

“కాయ చూసినంక ఎట్ల తొక్కనియ్యదో నేను చూస్త” అన్నాను. నాకూ లోపల భయంగానే ఉంది.

అత్త తలుపు తీసింది. జుట్టు సగం తెల్లబడింది. తమ్ముణ్ని చూసింది, చేతిలో బుట్ట చూసింది, పక్కకు జరగలేదు. బాపు గడప బయటే ఆగి, బుట్టను గడప మీద పెట్టి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, తప్పయింది” అన్నాడు.

అత్త గడప దగ్గరే చతికిలబడి ఒక కాయ తీసింది. తొడిమ దగ్గర ముక్కు పెట్టి అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ ముక్కు తీయలేదు. తర్వాత ఇంట్లోకి పోయి కడగలేదు, కత్తి తేలేదు, కొన పంటితో కొరికి, అక్కడే కూర్చుని పిండుకుని తినడం మొదలుపెట్టింది. రసం మోచేతి దాకా కారింది. కళ్ళలో నీళ్ళు కూడా కారాయి. నోటి నిండా కాయ పెట్టుకుని తమ్ముణ్ని తిట్టింది. “ఆరేండ్లు పట్టిందారా నీకు గీ ఒక్క మాటకు? కాయ లేకుంటే నోరు సుత లేదా? నేను సచ్చిపోతే ఎవలకు చెప్తుంటివిరా?” అంటూ, టెంక చీకుతూ తిట్టింది. బాపు ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాడు.

“ఎవలు బతికిచ్చిండ్రు దీన్ని?” అంది చివరికి.

“నేనైతే సంపిన. గీమె బతికిచ్చింది” అన్నాడు బాపు, నావైపు చూడకుండానే. “ఇగ తోట గీమెదే అక్కా. ఏ చెట్టు ఉండాల్నో, ఏది పోవాల్నో గీమెనే చెప్తది. నా లెక్క మీద నాకు నమ్మకం పోయింది.”

ఆ మాట నాకు అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, తోటలో చెప్పలేదు, అంతసేపు రైల్లో పక్కన కూర్చుని చెప్పలేదు.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. “గట్లయితే తోట ఆసామిని వెనుక నిలవెట్టి నువ్వు ముందట నిలవడ్డవేంది తమ్మీ? జరుగు!” అంది.

బాపు పక్కకు జరిగాడు. అత్త లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు నా చేతికిచ్చింది. మా బాపు ఏ ఇంటికి పోయినా చెంబు ముందు ఆయన చేతికే రావాలి, లేకపోతే అలిగి గుమ్మంలోంచే తిరిగొచ్చే మనిషి. ఆ రోజు గొంతు ఎండి ఉన్నా, నేను తాగి చెంబు ఇచ్చేదాకా నా వెనక నిలబడి ఆగాడు.